అమ్మీ నాడి

మా అమ్మీకి ఆ బాధ మొదలైనప్పుడు దానికి మా ఇంట్లో ఉన్న పేరు ‘గబ్రాహట్’. ఇషా నమాజు ముగించి పడుకోగానే గుండెలో పిట్ట రెక్కలు కొట్టుకుంటున్నట్టు ఉందనేది. గంటకో రెండు గంటలకో అదే సర్దుకునేది. ఎండదెబ్బ అన్నాము, నిద్రలేమి అన్నాము. నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు దిగదుడిచినవారూ మాలో ఉన్నారు, దాచడం దేనికి? ఒక క్లినిక్‌లో ఈసీజీ తీయించాము. ఆ వేళకు గుండె సక్రమంగానే కొట్టుకుంటోంది. గ్యాసు మాత్రలు రాసి పంపారు. దొంగ వెళ్ళిపోయాక ఇల్లు వెతికితే ఏం దొరుకుతుంది?

ఒకనాటి ఫజ్ర్ వేళ అమ్మీ వుజూ చేస్తుండగా చేతిలోని చెంబు జారిపడింది. మూతి ఒక పక్కకు వంగింది. మాట ముద్దగా వచ్చింది. మాది భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్న ఊరు. భద్రాచలంలో ప్రథమ చికిత్స చేయించి, గోదావరి వంతెన దాటి, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా ఖమ్మం చేరాము. భద్రాచలం నుండే అది దాదాపు 120 కిలోమీటర్లు. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను కూడా మాకు 40 కిలోమీటర్ల అవతల, కొత్తగూడెంలో ఉంది. పేరును నమ్మి దిగే యాత్రికులకు ఆ సంగతి బాగా తెలుసు. దారిలోనే అమ్మీ మాట తేటపడింది. అల్లాహ్ దయ అనుకున్నాము. ఖమ్మంలో డాక్టరు మణికట్టు పట్టుకుని చాలాసేపు మౌనంగా ఉన్నారు. నాడి వేగంగా, ఏ లయా లేకుండా కొట్టుకుంటోంది. ఈసారి ఈసీజీకి దొంగ దొరికాడు: ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

ఈ జబ్బులో గుండె పై గదులైన కర్ణికలు సరిగా ముడుచుకోక వణుకుతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఆ ముప్పు మామూలువారికంటే దాదాపు 5 రెట్లు ఎక్కువ. అమ్మీకి వచ్చినది తాత్కాలికమైనదే గాని, అది హెచ్చరిక. రక్తం పలుచబరిచే మాత్ర ఆనాడే మొదలయింది.

పక్క మంచం మీద చర్ల వైపు నుండి వచ్చిన ఒక కోయ సోదరి ఉండేది. ఆమెదీ ఇదే వణుకు, కాని కారణం వేరు. చిన్ననాటి గొంతునొప్పి కీళ్ళవాతపు జ్వరంగా మారి గుండె కవాటాన్ని ఇరుకు చేసింది. ఆమెకు ముందు కవాటం సంగతి చూడాలన్నారు. పిల్లల గొంతునొప్పిని అప్పటినుండి మేము తేలికగా తీసుకోవడం లేదు.

మాత్రలు వాడినా అమ్మీకి దడ తగ్గలేదు. హైదరాబాదు వెళ్ళాము. అక్కడి డాక్టరు కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఊపిరితిత్తుల నుండి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే పుపుస సిరలను చూపించారు. తప్పుడు విద్యుత్ సంకేతాలు ఎక్కువగా ఈ సిరల్లోనే పుడతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 1998లో వెల్లడించారట. గజ్జ వద్ద సిరలోంచి సన్నని గొట్టాన్ని పంపి, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని నిర్వీర్యం చేస్తే సంకేతాలకు దారి మూసుకుంటుంది. ఇంతకాలం ఆ పనిని వేడితోనో, అతిశీతలంతోనో చేసేవారు. వెనుకే ఉన్న అన్నవాహిక, పక్కనున్న విభాజక పటలపు నరం దెబ్బతినే భయం ఉండేది. కొత్తదైన పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌లో సెకనులో లక్షల వంతు పాటు ఉండే తీవ్రమైన విద్యుత్ స్పందనలు కణాల పొరలో రంధ్రాలు చేస్తాయి. గుండె కండరం వాటికి త్వరగా లొంగుతుంది, అన్నవాహిక, నరం చాలావరకు తట్టుకుంటాయి. అమెరికాలో 607 మందిపై జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో ఏడాది తర్వాత ఫలితం కొత్త పద్ధతిలో 73 శాతం, పాత పద్ధతుల్లో 71 శాతం. అంటే నూటికి నూరు కాదు. రక్తస్రావం, పక్షవాతం వంటి ప్రమాదాలు అరుదే గాని లేకపోలేదని కూడా ఆయన దాచలేదు.

ఆ బొమ్మ చూస్తుంటే మాకు ఇబ్నున్నఫీస్ గుర్తుకు వచ్చారు. గుండె కుడి గదిలోని రక్తం మధ్యగోడ గుండా కాక ఊపిరితిత్తుల గుండానే ఎడమ వైపుకు చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాసిన వైద్యులాయన. 1288లో మరణించే ముందు తన ఇంటిని, గ్రంథాలను కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చివేశారు. మా బీరువాలో ఆయన పేరు ఉన్న పుస్తకం ఉంది. అమ్మీ నాడిని పట్టి చూసిన చేయి మాత్రం ఇంట్లో ఒక్కటీ లేకపోయింది.

చికిత్స ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలంలో ఒక ముక్క అమ్మాలనుకున్నాము. “ఇది చేయించుకుంటే ఆ మాత్ర మానేయవచ్చునా?” అని అమ్మీ అడిగింది. మా అందరి ఆశా అదే. మానకూడదన్నారు డాక్టరు. మాత్ర అవసరాన్ని వయసు, బీపీ, షుగరు, ఇదివరకటి పక్షవాతం నిర్ణయిస్తాయి గాని, గుండె లయ ఒక్కటే కాదు. ఈ చికిత్స దడ తగ్గడానికి. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటేవరకు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి అమ్మీయే, “రాత్రిపూట నిద్రపట్టినా చాలు బేటా” అన్నది. పొలం అమ్మాము. చికిత్స జరిగింది.

తర్వాతి రమజానులో ఇంకో చిక్కు. ఉపవాసం ఉంటే మధ్యాహ్నపు మందులు ఎలా? రోగులకు అల్లాహ్ ఇచ్చిన సడలింపును గుర్తుచేశాము. అమ్మీ మా మాట వినలేదు, డాక్టరు మాట విన్నది. ఆయన మందులన్నీ పరిశీలించి, రెండు పూటల మాత్రను సహరీకి, ఇఫ్తారుకు సర్దారు. తల తిరిగినా దడ వచ్చినా ఆ రోజు ఉపవాసం విరమించాలని మాట తీసుకున్నారు. రెండు రోజులు విరమించింది కూడా.

ఇప్పుడు రోజూ అసర్ తర్వాత మనుమడు దాదీమా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెడతాడు.

“అరవై ఎనిమిది, దాదీమా. వరుస తప్పలేదు.”

“నిన్న డెబ్బై రెండన్నావు. మళ్ళీ లెక్కపెట్టు.”