శుక్రవారం జీన్స్ వేసుకోవచ్చు

గ్రేడ్లు గడువులోపు ఎక్కించినందుకు ఈ శుక్రవారం మేమంతా జీన్స్ వేసుకుని బడికి రావచ్చట. ఆదివారం సాయంత్రం, మర్నాటి డబ్బాల్లోకి బెండకాయలు తరుగుతూ ఫోన్లో ఈ మాట చదివాను. నలభై ఐదు దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, రోజూ నూట ముప్ఫై మంది ఏడో తరగతి పిల్లలకి నిష్పత్తులూ శాతాలూ చెప్పి గొంతు పోగొట్టుకునేదాన్ని. నాకిచ్చిన బహుమతి ప్యాంటు వేసుకునే అనుమతి. ప్యాంటు కూడా కాదు, గమనించండి. అనుమతి. ప్యాంటు మనమే కొనుక్కోవాలి.

మాది డాలస్ శివార్లలో ఒక మిడిల్ స్కూలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ప్రతివారం ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి స్టాఫందరికీ ఇలా ఒక ఉత్తరం వస్తుంది. అమెరికా బళ్లలో ఇది చాలాచోట్ల ఉన్న రివాజే. ప్రిన్సిపాల్‌గా చేసి తర్వాత ప్రొఫెసరైన టాడ్ విటేకర్ దీనికి ‘ఫ్రైడే ఫోకస్’ అని పేరు పెట్టి, పుస్తకంలో సిఫారసు కూడా చేశారు. వారం చివర్లో నాలుగు మంచిమాటలు చెప్పి టీచర్లని ఇంటికి పంపమని. మా దగ్గరికొచ్చేసరికి ఆ శుక్రవారం కాస్తా ఆదివారం సాయంత్రానికి జారింది. మంచిమాటలు వినడానికి అంతకన్నా చెడ్డ సమయం వారంలో ఇంకోటి లేదు.

ఉత్తరంలో ఎవరు ఏ రోజు బస్ డ్యూటీయో, ఎవరిది లంచ్ డ్యూటీయో ఉంటుంది. ఫైర్ డ్రిల్ ఎప్పుడు, ‘స్టార్’ అనే రాష్ట్ర పరీక్షల డ్యూటీకి శిక్షణ ఎప్పుడు, పేపరు బయటపెట్టబోమని ప్రమాణపత్రం మీద సంతకాలు ఎప్పుడు. 2025లో టెక్సస్ వాళ్లు బళ్లలో ఫోన్లు నిషేధిస్తూ చట్టం చేశాక, ఫోను కనబడితే ఏం చెయ్యాలన్న పేరా ఒకటి తోడైంది. తర్వాత పుట్టినరోజులు. తర్వాత మెచ్చుకోళ్లు: ప్రింటరులో ఇరుక్కున్న కాగితం తీసిన ఫలానా ఆవిడకి పెద్ద ధన్యవాదాలు, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు. చివర్లో ఈ వారం టీచింగ్ టిప్. దాని కింద జీన్స్.

ఇక్కడి బళ్లలో జీన్స్ ఒక నాణెం. స్టాఫ్ మీటింగుకి అందరూ వేళకొస్తే జీన్స్. పేదలకి డబ్బా ఆహారం తెచ్చిస్తే జీన్స్. ఏదో నిధికి ఐదు డాలర్లు చందా ఇస్తే జీన్స్. మే నెలలో టీచర్లని గౌరవించే వారమని ఒకటి వస్తుంది, అప్పుడు వారమంతా జీన్స్. దీనికి ‘జీన్స్ పాస్’ అని ఆఫీసు వాళ్లు అట్టముక్కలు కూడా అచ్చువేస్తారు. పాతికేళ్ల సర్వీసున్న మా సైన్సు టీచరమ్మ సొరుగులో రబ్బరుబ్యాండు చుట్టిన అట్టముక్కల కట్ట ఉంది. అవన్నీ ఎందుకు దాస్తున్నావంటే, రిటైరయ్యే ఏడాది ఒక్కసారే వాడతానంటుంది. ఆవిడకి ఇంకా నవ్వు మిగిలుంది. నాకది మొదటి ఏడాదే అయిపోయింది.

ఏం కట్టుకోవాలో చెప్పడం మనకి కొత్తా? ఇక్కడికి రాకముందు విజయవాడలో ఒక కార్పొరేట్ స్కూల్లో చెప్పాను. సోమవారం యూనిఫాం చీర. ఏడున్నరకల్లా కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకుని గేటు దగ్గరుండాలి. అదీ నాకు నచ్చలేదు. కానీ ఆ చీరని ఎవరూ బహుమానం అనలేదు. రూలంటే రూలన్నారు, తిట్టుకుంటూ కట్టుకున్నాం. తిట్టుకునే స్వేచ్ఛ మాకుండేది. ఇక్కడ అదీ లేదు, ధన్యవాదాలు చెప్పాలి.

అయితే టిప్ సంగతి వేరు. పోయిన వారం టిప్ ఇది: ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి. అంతే, ఒక్క వాక్యం. దాని వెనక పెద్ద కథే ఉంది. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో తరగతి గదుల మాటల్ని రికార్డు చేయించి లెక్కలు తీశారు. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. ఆ తర్వాత ఇంకొకర్ని అడగడమో, జవాబు తామే చెప్పేయడమో. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పుతారు, ‘తెలీదు’ అనేవాళ్లు తగ్గుతారు. నేను గోడగడియారం చూస్తూ ఆగాను. నిజమే. ఆఖరి బెంచీలో టోపీ దించుకుని కూర్చునే కుర్రాడు, మొదటి రెండు సెకన్లూ నా సహనాన్ని కొలిచి, మూడోదానికి జవాబు చెప్పాడు. తప్పు జవాబే, కానీ దారి సరైనది.

విజయవాడలో నాకీ మాట ఎవరూ చెప్పలేదు. అక్కడా వారంవారం మీటింగుండేది, శనివారం, నిలబెట్టి. ఆదివారం పరీక్షకి సిలబస్ ఎంతయింది, ఏ సెక్షన్ సగటెంత, ఏ సెక్షన్ పడిపోయింది. మార్కులు పడిపోయినవాళ్ల పేర్లు మైకులో చదివేవాళ్లు. పిల్లలవి కాదు, మావి. పాఠం ఎలా చెప్పాలన్న ప్రస్తావన ఆ గదిలో ఒక్కసారి వచ్చిన గుర్తు లేదు. ఎంత చెప్పారన్నదే. ఆ లెక్కన ప్రతి ఆదివారం ఒక మనిషి కూర్చుని, ఎనభైమంది టీచర్లకి బోధన గురించి నాలుగు ముక్కలు ఏరి రాస్తోందంటే దండం పెట్టాలి. పెడతాను కూడా. ఆవిడ వానలో ఆకుపచ్చ కోటు తగిలించుకుని మాతోపాటు బస్సుల దగ్గర నిలబడుతుంది. ఏ పిల్లాడి బస్సు తప్పిపోయినా వాడు ఇల్లు చేరేదాకా తన కారు కదలదు. మా విజయవాడ డైరెక్టరు గారి కారు పిల్లలొచ్చే గేటునుంచి లోపలికొచ్చేది కాదు, ఆయనకి వేరే గేటుండేది.

ఇంత మంచి మనిషి జీన్సెందుకు పంచుతుందంటే, ఆవిడ చేతిలో ఇంకేమీ లేదు. టెక్సస్ చట్టంలో టీచరుకి పాఠం తయారుచేసుకోవడానికి ప్రతి రెండు వారాలకీ కనీసం 450 నిమిషాలు ఇవ్వాలని ఉంది. ఇస్తారు. టైంటేబుల్లో ఉంటుంది. ఆ పీరియడు రాగానే సెలవు పెట్టిన టీచరు క్లాసు చూసుకోమని ఫోనొస్తుంది. లేదా ప్రత్యేక అవసరాలున్న ఒక పిల్లాడి ఐఈపీ మీటింగు. లేదా తల్లిదండ్రుల ఈమెయిళ్లు. టిప్‌లు బానే ఉంటాయి: పిల్లల్ని పక్కవాళ్లతో మాట్లాడించండి, గంట కొట్టే ముందు ఒక్క చీటీ రాయించుకుని ఎవరికేం అర్థమైందో చూసుకోండి. నూట ముప్ఫై చీటీలు. అవి చూడటానికి అరగంట కావాలి. ఆ అరగంట బదులు జీన్స్ ఇస్తే నేనేం చేసుకోను? నడుం దగ్గర బిగుతుగా కూడా ఉంటుంది.

ఈ టిప్‌లు చూసి ‘అబ్బ, అమెరికా వాళ్లకి ఎన్ని ఆలోచనలో’ అని మావారంటే నాకు చర్రుమంటుంది. ‘పక్కవాళ్లతో మాట్లాడించండి’ అన్నది ఫ్రాంక్ లైమన్ గారు 1981లో రాశారు, నిజమే. కానీ నేనా మాట మొదట విన్నది డాలస్‌లో కాదు, ప్రకాశం జిల్లాలో మా ఇంటి వరండాలో. నాన్న ప్రైమరీ స్కూలు మాస్టారు. 1990 ప్రాంతంలో బ్రిటన్ వాళ్ల సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమని ఒకటి నడిచింది. డీఎస్సీ రాసినవాళ్లెవరైనా దాని ఆరు సూత్రాలూ ఇప్పటికీ నిద్రలో అప్పజెబుతారు: పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ గుంపుగానూ పని చెయ్యాలి, ఒక్కొక్కరి తేడాలూ పట్టించుకోవాలి, ఊళ్లో దొరికేదే పరికరం కావాలి, గోడల మీద వాళ్ల పనే ఉండాలి, ఇలా. మా ప్రిన్సిపాల్ గారి ఉత్తరాలన్నీ కుట్టి పుస్తకం చేస్తే ఈ ఆరింటికి బయట పడేది తక్కువ.

ఆ పథకం కింద ఉపాధ్యాయ కేంద్రంలో మీటింగులుండేవి. చుట్టుపక్కల ఊళ్ల మాస్టార్లంతా ఒక బళ్లో చేరేవాళ్లు. ఒకాయన నిజం పిల్లలకి మోడల్ లెసన్ చెప్పాలి, మిగతావాళ్లు వెనక చాపల మీద కూర్చుని చూడాలి. తర్వాత వాదన. సెలవుల్లో నాన్న సైకిలెక్కి నేనూ వెళ్లేదాన్ని, పులిహోర పొట్లం కోసం. ఒకసారి ఒక మాస్టారు చింతగింజలతో భాగహారం చెప్పబోతే పిల్లలు గింజలతో ఆట మొదలుపెట్టారు. పాఠం సాంతం చెడిపోయింది. నలభై నిమిషాల ఆ పాఠం గురించి పెద్దవాళ్లు రెండు గంటలు మాట్లాడుకున్నారు. గింజలు ముందే పంచకూడదని ఒకరు, కాదు కాసేపు ఆడనిచ్చి తర్వాత మొదలెట్టాలని ఇంకొకరు. మా ఆదివారం టిప్‌లో లేనిది అదే. అందులో పాఠం ఎప్పుడూ చెడిపోదు.

సరే, గొప్పలు ఆపి ఒక నిజం చెప్పాలి. ఆ మీటింగులన్నీ అలా లేవు. చాలావాటిలో సంతకాలు పెట్టి, పొట్లం తిని, డీఏ బకాయిల గురించి మాట్లాడుకుని వచ్చేవాళ్లు. నాన్న బడికీ నా బడికీ పోలికా కుదరదు. రెండు గదుల పెంకుల బడి, ఐదు తరగతులు, ఒక్క మాస్టారు. మూడో తరగతికి ప్రశ్న వేసి ఐదో తరగతి దగ్గరికి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి పది నిమిషాలు. ఆలోపు మూడో తరగతి వాళ్లు కొట్టుకునో, కాపీ కొట్టో, నిజంగా ఆలోచించో ఏదో ఒక జవాబు సిద్ధం చేసి ఉంచేవాళ్లు. మేరీ బడ్ రో గారు అక్కడ కూర్చుని ఉంటే స్టాప్‌వాచీ ఆపేసి టీ తాగొచ్చేవారు.

పొగాకు సీజనొస్తే ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పేవాళ్లే ఉండరు. పిల్లలంతా పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు గుచ్చుతూ ఉండేవాళ్లు. నాన్న సాయంత్రం సైకిలేసుకుని బ్యారన్ల వెంట తిరిగేవాడు. తిట్టేవాడు కాదు. ఆకు గుచ్చే కర్రల పక్కనే గొంతుక్కూర్చుని, ‘ఒక కర్రకి ఎన్ని ఆకులు, ఇవాళ ఎన్ని కర్రలు, కర్రకి ఎంతిస్తున్నారు’ అని అడిగేవాడు. పిల్లలు లెక్క చెప్పేవాళ్లు. కూలి తక్కువ లెక్కగట్టారని ఒకసారి ఒక పిల్ల పట్టుకుందట. ఆ బ్యారన్ యజమాని రెండు నెలలు నాన్నతో మాట్లాడలేదు. మండలం నుంచి ‘హాజరు పెంచవలెను’ అని సర్క్యులర్ వస్తే సంతకం పెట్టి పంపేవాడు. మెచ్చుకోలు ఎప్పుడూ రాలేదు. రాలేదని అనుకున్నట్టూ నాకు గుర్తు లేదు, అమ్మే అనుకునేది.

ఇదంతా అక్కకి చెబుదామని రాత్రి ఏడింటికి ఫోన్ చేశాను. ఇండియాలో అప్పుడు సోమవారం తెల్లవారుజాము. అక్క ప్రకాశం జిల్లాలోనే జడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటు. స్టవ్వు మీద కుక్కరు పెట్టి స్పీకర్లో మాట్లాడుతోంది. జీన్స్ గొడవంతా మొదట్నుంచీ చెప్పాను. ఓపిగ్గా వింది.

“వారానికి ఒక్కటేనా?” అంది.

“ఏంటక్కా?”

“ఆ ఉత్తరమే. వారానికి ఒక్కటే రాస్తుందా మీ హెచ్చెమ్మూ?”

“ఒక్కటే.”

“రాత్రి పదకొండుకి రాదూ? అర్జంట్, ఈరోజే, ఇప్పుడే అని ఉండదూ?”

“ఉండదు.”

“మరేంటే నీ ఏడుపు?” అంది అక్క. నిన్న ఆదివారమంతా వాళ్ల గ్రూపుల్లో ఒకదాని తర్వాత ఒకటి మెసేజీలట. 2022 నుంచీ బడికెళ్లగానే ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవాలి, సిగ్నలు లేకపోతే చేతిలో ఫోను పైకెత్తి గ్రౌండంతా తిరగాలి. కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పెట్టింది పాపం, లెక్కల టీచరు. “మీవాళ్లు దొడ్ల ఫొటోలు అడగరుగా? జీన్సిస్తారుగా? వేసుకో” అంది. కుక్కరు కూత కాగానే, “ఆ మూడు సెకన్ల ముక్క మాత్రం బావుందే. తెలుగులో రాసి పంపు, మా కాంప్లెక్స్ గ్రూపులో పెడతా. ఎప్పుడూ పాఠం గురించి ఒక్క మెసేజీ ఉండదు అందులో” అంది.

బెండకాయల వేపుడు మూతపెట్టి, కూర్చుని శ్రద్ధగా రాశాను. రో గారి పరిశోధన, ఆఖరి బెంచీ కుర్రాడి సంగతి, నాన్న మూడో తరగతి సంగతి కూడా. ఒక్క ఆశ్చర్యార్థకం పెట్టలేదు. పడుకునే ముందు పంపాను.

పొద్దున లేచేసరికి అక్క జవాబు వచ్చి ఉంది. “పెట్టానే. నలుగురు దండం బొమ్మ పెట్టారు. ఒక మాస్టారు మాత్రం, ఈ మూడు సెకన్లు ఏ యాప్‌లో అప్‌లోడ్ చెయ్యాలి, లాస్ట్ డేట్ ఎప్పుడు అని అడుగుతున్నాడు.”