వేల్సు కొండలలో చిన్న పొగబండి

గడచిన ఫాల్గుణమాసమున మేము వేల్సు దేశమునకు పోయి వచ్చితిమి. వేడుక చూచుటకు గాదు. మా తమ్ముని సంగతి కనుగొని రమ్మని మా తల్లిగారు పంపగా పోయితిమి. వాడు బర్మింగుహాము పట్టణమున కంప్యూటరు కొలువులో నున్నాడు. రెండు సంక్రాంతులకు ఇంటికి రాలేదు. సెలవులెచ్చట గడుపుచున్నావని మా యమ్మ ఫోనులో నడుగగా, “ఇక్కడ ఒక పాత రైలుదారి ఉన్నదమ్మా, దానికి మట్టిపని చేస్తున్నాను” అనెను. “కూలి ఎంత ఇస్తారు?” అని యామె యడిగినది. “కూలి లేదు. మేమే ఏటేటా చందా కడతాము” అని వాడు చెప్పెను. ఆ రాత్రి మా యమ్మ అన్నము ముట్టలేదు. చదువుకొన్న పిల్లవాడు, పెండ్లికి ఎదిగినవాడు, ఎదురు డబ్బిచ్చి తట్ట మోయుటయా! వానికెవరో మందు పెట్టిరని యామె నిశ్చయించుకొన్నది.

టిక్కెట్లు వాడే పంపెను. పరీక్షల కాలమైనను మా వారు పైవారిని బ్రతిమాలి పది దినములు సెలవు సంపాదించిరి. బర్మింగుహామునుండి వేల్సు పడమటి తీరమునకు రైలులో దాదాపు నాలుగు గంటల ప్రయాణము. మొదట పొలములు, పిమ్మట గొఱ్ఱెల మందలతో పచ్చని కొండలు, తుదకు సముద్రపు పాయ ప్రక్కనే బండి ఒదిగి పోవును. అలలు పట్టాలను తాకునేమో యని మేము కిటికీనుండి కొంచెము వెనుకకు జరిగితిమి. టవిన్ అను చిన్న యూరిలో దిగితిమి. ఆ యూరినుండి కొండలోనికి పోవునది టాలిల్లిన్ రైలుదారి. ఈ పేరిటి లకారమును మన లిపిలో వ్రాయరాదు. నాలుకను లకారస్థానమున నుంచి ప్రక్కలనుండి గాలి యూదవలెనట. బాల్యమున అక్షరముల స్థానకరణములన్నియు వల్లించిన మేము అరగంట ప్రయత్నించి, మా తమ్ముడు నవ్వుచుండగా మానుకొంటిమి.

ఈ దారి పుట్టుకకు పత్తితో సంబంధమున్నదని చెప్పిన చదువరులు వింతపడుదురు. 1861 లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టగా ఇంగ్లండు మిల్లులకు పత్తి రాకపోయెను. మన దేశపు పత్తికి గిరాకి పెరిగినది ఆ కాలముననే. మాంచెస్టరు మిల్లులవారైన మెకానెల్ కుటుంబమువారు, పత్తి లేనప్పుడు సొమ్మును మఱియొకచోట పెట్టుదమని, వేల్సులో బ్రిన్ ఎగ్లవిస్ అను పలకరాతి గనిని గుత్తకు తీసికొనిరి. మనము బాల్యమున వ్రాసికొన్న పలక యిట్టి రాతిదే. ఆ దేశమున దానితో ఇండ్ల కప్పులు వేయుదురు. ఆ రాతిని దింపుటకు 1865 లో వేసినదే యీ దారి. పట్టాల నడిమి యెడము 2 అడుగుల 3 అంగుళములు మాత్రమే. పెద్దదానికిని దీనికిని గల తేడా గాదెకును కుంచమునకును గల తేడా వంటిది.

కట్టినవారు ఒక పొరపాటు చేసిరి. 1866 లో సర్కారు పరీక్షకుడు వచ్చి చూడగా, దారిమీది వంతెనల క్రింద పెట్టెకును గోడకును నడుమ తగినంత చోటు లేదని తేలినది. తలుపు తెఱచి తల బయట పెట్టినవాని గతి యేమి? వంతెనలు పడగొట్టుటకు మాఱుగా వారు ఒకవైపు తలుపులన్నియు శాశ్వతముగా మూసివేసి, వంతెనల క్రింద పట్టాలను ఒక ప్రక్కకు జరిపిరి. నేటికిని ఆ బండికి ఒకవైపే తలుపులు. ఇంటిలో గోడ వంకరగా వచ్చినప్పుడు అలమరను జరిపి సరిపెట్టుకొను మన ఉపాయము వంటిదే యిది.

1911 లో ఆ గనిని, దారిని సర్ హెన్రీ హేడన్ జోన్స్ అను పార్లమెంటు సభ్యుడు కొనెను. 1946 చివర గని కూలి మూతపడినను, తాను బ్రతికియున్నంతవఱకు బండి నడపుదునన్న మాట ఆయన తప్పలేదు. 1948 లో సర్కారు రైళ్లనన్నిటిని చేజిక్కించుకొన్నప్పుడు దీనిని మాత్రము తీసికొనలేదు. 1950 జులై నెలలో ఆయన పోయిరి. అప్పటికి రెండు ఇంజనులు. వానిలో నడుచునది 1866 నాటి డోల్‌గోఖ్ ఒక్కటే. పట్టాలు అరిగి గడ్డిలో మునిగియుండెను. ఆ గడ్డి వేళ్లే పట్టాలను ఎడము తప్పకుండ పట్టుకొనియున్నవని ఆ నాటివారు చెప్పుకొనెడివారట. ఎల్.టి.సి. రోల్ట్ అను గ్రంథకర్తయు, మఱికొందఱును 1950 అక్టోబరు 11 వ తేదీన బర్మింగుహాములో నొక హోటలున సభ చేసి, తామే దీనిని నడపుదుమని సంఘముగా నేర్పడిరి. జీతగాండ్రు కానివారు రైలు నడపుట అంతకు ముందు లోకమున నెచ్చటను లేదు. ఆ ఆస్తిని చేతబట్టుకొనియున్నది భర్తను పోగొట్టుకొనిన లేడీ హేడన్ జోన్స్. ఇనుమును తూకమునకు అమ్మిన ఎంతో కొంత చేతికి వచ్చెడిది. ఆమె యట్లు చేయక దానిని సంఘమువారి కప్పగించినది. ఈ కథ చెప్పువారు రోల్టుగారి పేరు ముందు చెప్పుదురు. మాకు ఆమె పేరే ముందు చెప్పవలెనని తోచినది.

1951 మే 14 వ తేదీన వారి మొదటి బండి కొంతదూరము నడచెను; జూనులో పూర్తి దారి తెఱచిరి. పొరుగున నున్న కోరిస్ రైలుదారి, ఇదే కొలత గలది, 1948 లో మూతపడియుండగా దాని రెండు ఇంజనులను ఒక్కొక్కటి 25 పౌనులకు కొనిరి. ఆ రెండును, మొదటి రెండును నేటికిని ఉన్నవి. 1976 లో దారిని నాంట్ గ్వెర్నోల్ వఱకు పొడిగించిరి. మొత్తము ఏడుంబావు మైళ్లు.

మేము పోవునప్పటికి బండ్లు మొదలగుటకు మూడు వారములున్నవి. పెన్‌డ్రె అనుచోట ఇంజనుల షెడ్డు. లోపల నూనె, బొగ్గుమసి, తడి యినుము కలిసిన వాసన. ఒక యింజను కొలిమి తలుపు తెఱచి, కాలిపోయిన కమ్ములను తీసి క్రొత్తవి వేయుచుండిరి. బాయిలరు లోపలి గొట్టములలోని మసిని పొడవాటి బ్రష్షులతో త్రోసి, నీటిగదికి చుట్టునుగల బిరడాలు విప్పి, లోపలి బురదను పీడనపు నీటితో కడిగివేయుదురు. అటు పిమ్మట చన్నీటితో నింపి, నడుచునప్పటి యావిరికంటె నెక్కువ ఒత్తిడి పెట్టి ఎక్కడనైన చెమర్చునేమో చూతురు. తరువాత నిప్పు వేసి, ఆవిరి పట్టి పరీక్షకునికి చూపవలెను. నిప్పును ఒక్కసారిగా మండింపరాదు; ఇనుము మెల్లమెల్లగా వేడెక్కవలెను. క్రొత్త మట్టికుండను పొయ్యిమీద పెట్టిన యే యిల్లాలికైనను ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రక్క కొట్టములో నొక పెట్టెకు రంగు వేయుచున్నది డెబ్బదేండ్లు దాటిన స్త్రీ. ఒక పూత వేయుట, ఎండిన పిమ్మట గరుకు కాగితముతో రుద్దుట, మఱియొక పూత. తాను చిరకాలము ఆసుపత్రిలో నర్సుగా నుంటినని, ఇప్పుడు రోగులు మాటాడరు గనుక సుఖముగా నున్నదని చెప్పినది. అందఱు నింత నేర్పరులు కారు. కాలేజీ బాలుడొకడు తలుపుపిడికిని రంగు పూసి చీవాట్లు తినెను. తేనీటికి వారు పని యాపినన్ని మారులు మన కూలీలు ఆపిన మేస్త్రీ ఊరకుండడని మేము మనసులో ననుకొంటిమి.

ఆ తేనీటివేళ ఒక కథ వింటిమి. పిల్లల రైలుకథలు వ్రాసిన పాదిరి ఆడ్రీగారు తొలిదినములలో ఇచ్చట గార్డుగా సేవ చేసిరట. ఒకనాడు పచ్చజెండా ఊపి బండి కదలించిరి. ఫలహారములమ్మెడు ఆమె ఇంకను ప్లాటుఫారముపైనే యున్నది! దానినే ఆయన పిదప కథగా వ్రాసిరి. రైలు నడపువారు ఎంతటివారైనను వంటయింటివారిని మఱచుట సహజమే కాబోలు.

మఱునాడు మా తమ్ముడు మమ్ము దారిమీదికి తీసికొనిపోయెను. సన్నని తుంపర, చేతులు కొయ్యబారినవి. రిడరోనెన్ దాటిన పిదప ఎనిమిదిమంది పని చేయుచుండిరి. నాయకురాలు బడిపంతులమ్మగా నుండి విశ్రాంతి తీసికొన్నదట. మార్చవలసిన స్లీపరులకు ముందే తెల్లరంగు గుర్తు పెట్టియున్నది. మరలు విప్పి, ప్రక్కల కంకర తోడి, పాత కొయ్యను పలుగులతో త్రోసి యడ్డముగా లాగుదురు. క్రొత్తదానిని ఆ సందుననే దూర్చి, పలుగుతో ఎత్తి పట్టి, ఇనుప కొలబద్దతో 2 అడుగుల 3 అంగుళములు సరిచూచి మరలు బిగింతురు. అన్నిటికంటె కష్టము తరువాతిది: కొయ్య క్రిందికి కంకరను కూరుట. మా వారు పార పట్టి వీరావేశమున కూరగా ఆమె చూచి, “ఎడమవైపు ఎత్తైనది, మరల చేయండి” అనెను. ఇరువదేండ్లుగా పిల్లలచేత మరల వ్రాయించువారికి మరల చేయుట ఆనాడు సంభవించినది. మేము నవ్వలేదు, నవ్వినచో మాకును పార యిత్తురు.

పార యియ్యలేదు గాని మా తమ్ముడు సుత్తి యిచ్చెను. “అక్కా, తాతగారిలాగ తట్టి చూడు” అనెను.

ఇచ్చట మా యింటి సంగతి కొంత చెప్పవలెను. మా మాతామహులు నౌపడా లైనులో గ్యాంగుమేస్త్రీ. అది పర్లాకిమిడి రాజాగారు వేయించినది. 1900 లో నౌపడానుండి పర్లాకిమిడికి మొదటి బండి నడచెను. పట్టాల యెడము 2 అడుగుల 6 అంగుళములు. తరువాత గునుపురము వఱకు పోయినది. టెక్కలిలో మా తాతగారి పెరటినుండి దాని కూత వినబడెడిది. సెలవులలో ఆయన మమ్ము వెంట తీసికొనిపోయి, కొయ్యను సుత్తితో తట్టి, గట్టిదాని పలుకును, పుచ్చినదాని పలుకును చెవికి పట్టించిరి. 2004 లో ఆ చిన్నలైను మూసివేసిరి; 2011 లో దానిచోట పెద్దలైను తెఱచిరి. పెద్దలైనును మేము నిందింపము. గునుపురమువారు నేడు నేరుగా విశాఖపట్టణము చేరుచున్నారు. వైద్యమునకు పోవువారికి అది యెంత మేలు! అయినను ఆ చిన్నబండి కూత పోయినది పోయినదే.

మేము వంగి తట్టుచు నడచితిమి. ఠంగు, ఠంగు మని పలుకుచుండగా, తెల్లగుర్తు లేని యొక కొయ్య బొద్దుగా పలికెను. మరల తట్టితిమి. నాయకురాలు వచ్చి మొనగల యినుపకమ్మిని గ్రుచ్చగా అది అంగుళము మేర దిగినది. ఈ యేటికి ఆగుననియే ఆమె మొదట ననెను. కొంతసేపు నిలుచుండి, అది పట్టాల అతుకునకు దగ్గరగా నున్నదని చూచి, “మార్చుదము” అనెను. చీకటి పడుచుండెను, చేతివిద్యుద్దీపముల వెలుగున దానిని లాగి క్రొత్తది వేసిరి. లాగిన కొయ్య అడుగుభాగము తడిసిన బెల్లపుగడ్డవలె చిదికిపోయినది.

రాత్రి బసలో మేము తమ్మునితో కొంచెము కఠినముగనే మాటాడితిమి. “తాతగారికి ఈ పని పొట్టకూడు. ఆయన చేతుల పగుళ్లకు అమ్మమ్మ ఆముదము రాచి గుడ్డలు కట్టేది. నీకిది ఆట. దీనికోసమై అమ్మను ఏడిపించెదవా?” అంటిమి.

వాడు చాలసేపు పలుకలేదు. పిదప ననెను: “చిన్నలైను చివరి రోజున తాతగారు నన్ను స్టేషనుకు తీసుకువెళ్లారు, గుర్తుందా? నాకప్పుడు పదకొండేళ్లు. బండి వెళ్లిపోయినాక ఆయన లేవలేదు. చీకటి పడేదాకా పట్టాలకేసి చూస్తూ కూర్చున్నారు. ఇంటికి వచ్చేముందు, ఏడ్చినట్టు అమ్మతో చెప్పకు అన్నారు. నేను చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి కంకర కూరుతుంటే ఆ వాసన తగిలిందక్కా. మరి రాకుండా ఉండలేకపోయాను.”

మా వారు కండ్లద్దములు తీసి తుడిచికొనిరి. వచ్చు సంక్రాంతికి తప్పక రావలెనని మేము వానిచేత మాట తీసికొంటిమి. దారి తెఱచు పని యప్పటికి లేదు గనుక వాడును ఒప్పుకొనెను.

మఱునాడుదయము మా యమ్మకు ఫోను చేసి, దాచుటకు మనసొప్పక, ఉన్నదున్నట్లు చెప్పితిమి. అవతలనుండి మాట లేదు. లైను తెగినదేమో యని రెండుమారులు పిలిచితిమి. తుదకామె, “మా నాయన ఏడ్చారా?” అని యడిగెను. అవునంటిమి. మరల కొంతసేపు ఊరకుండి, “ఆయన సుత్తి అటకమీద గోనెలో చుట్టి ఉన్నది. పిడి పుచ్చిందేమో చూడాలి. పిల్లవాడు వచ్చినప్పుడు తీసుకుపోతాడేమో అడుగు” అనెను.

విమానములో సుత్తిని ఏ పెట్టెలో పెట్టవలెనో మా వారు విచారించుచున్నారు.