చిచ్చా చెప్పిన జవాబుకి పాయింట్లెన్ని?

పాతబస్తీలో దారి ఒక్కరిని అడిగితే నలుగురు చెబుతారు. కావాలంటే మదీనా చౌరస్తాలో నిలబడి 'ఛత్తా బజార్ ఎటు?' అనండి. పండ్లబండి అతను చెయ్యి చూపిస్తాడు. ఆటోవాలా 'అటు కాదు' అంటూ మరో సందు చెబుతాడు. టీ తాగుతున్న చిచ్చా ఇద్దర్నీ ఆపి, పెళ్లికార్డుల కోసమా, విజిటింగ్ కార్డుల కోసమా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. 'నాకు తెలీదు' అన్నమాట మాత్రం ఎవరి నోటా రాదు. ఎంత దూరమన్నా 'బస్, సామ్నేచ్ హై'. ఎప్పుడు జరిగిందన్నా 'పర్సోఁ'. హైదరాబాదీ పర్సోఁ అంటే మొన్న కావచ్చు, మూడేళ్ల కిందట కావచ్చు!

ఇలా చెప్పినందుకు లెక్కకట్టి మార్కులిస్తే ఎలా ఉంటుంది? ఇంటర్నెట్ చేసింది అదే.

2005లో వచ్చిన యాహూ ఆన్సర్స్‌లో చేరగానే 100 పాయింట్లు ఇచ్చేవారు. ప్రశ్న అడిగితే అందులోంచి 5 పోయేవి. జవాబు రాస్తే 2 వచ్చేవి. వచ్చిన జవాబుల్లో ఇదే బాగుందని ఎంపికైతే 10. పాతికవేలకు చేరితే ఆఖరిదైన ఏడో మెట్టు. అంటే అడిగేవాడికి రుసుము, చెప్పేవాడికి బహుమతి. ఇంకేం, తెలిసినా తెలియకపోయినా రాసేవాళ్లు బయల్దేరారు. 'నాకు తెలీదు, రెండు పాయింట్లకు థ్యాంక్స్' అని రాసినవాళ్లకూ కొదవలేదు. మదీనాలో ఎవరూ అనని మాటకి అక్కడ రెండు పాయింట్లన్నమాట!

2008లో సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ తిరకాసును సరిచేసింది. అక్కడ ఊరికే రాస్తే వచ్చేది సున్నా. చదివినవారెవరైనా ఉపయోగపడిందని ఓటేస్తే 10. అడిగినవాడే 'ఇదే నాక్కావాల్సింది' అంటే 15. బాగాలేదని ఓటు పడితే 2 కోత. ఓట్లతో రోజుకి 200కి మించి రావు, కాబట్టి ఒక్క రాత్రిలో మొనగాడైపోవడం కుదరదు. ఇంకో సంగతి, అక్కడ పాయింట్లు ఒట్టి అలంకారం కాదు. 15 ఉంటేనే ఇంకొకరి జవాబుకి మెచ్చుకోలు ఓటు. 50 ఉంటేనే ఎక్కడైనా వ్యాఖ్య. 2,000 దాటితే ఇతరుల రాతల్ని నేరుగా దిద్దే అధికారం. మూసీ అవతల హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి ఈ లెక్కలు బాగానే తెలుసు.

పాతబస్తీ గల్లీల్లోకి వచ్చింది మాత్రం గూగుల్ మ్యాప్స్. లోకల్ గైడ్‌గా చేరితే సమీక్షకు 10, ఫొటోకు 5, మ్యాప్‌లో లేని చోటుని చేర్చితే 15. సమీక్ష 200 అక్షరాలు దాటితే మరో 10 అదనం. 250కి నాలుగో మెట్టు, పేరు పక్కన బ్యాడ్జీ. పదో మెట్టుకి లక్ష. లాడ్‌బజార్‌లో గాజుల కొట్టు మీద కూర్చునే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఊహించుకోండి. బేరాల్లేని మధ్యాహ్నం చార్మినార్‌కి నాలుగు ఫొటోలు తీసి పెడితే 20 పాయింట్లు. డబ్బు రాదు. అయినా వేళ్లు ఊరుకోవు.

చిక్కంతా ఇక్కడే. ఈ పాయింట్లు రాసినందుకు వచ్చేవే గానీ నిజం చెప్పినందుకు కావు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. 'వారమంతా తెరిచే ఉంటుంది' అని ఎవరో రాశారనుకోండి, వాళ్ల పాయింట్లు వాళ్లకి పడిపోతాయి. అది నమ్మి కూతురి పెళ్లి గాజులకని నల్గొండ నుంచి వచ్చిన తల్లి, పనిలో పనిగా పిల్లలకి మ్యూజికల్ క్లాక్ చూపిద్దామని గేటు దాకా వెళ్లి నిలబడుతుంది. మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితమే. పోయింది మాత్రం ఆ రోజు కూలి.

అదే గాజుల కొట్లో అయితే? రాయి ఊడదని చెప్పి అమ్మిన లక్కగాజుకి రాయి ఊడితే ఆవిడ తిరిగి అక్కడికే వస్తుంది. కొట్టు ఎక్కడికీ పోదు. ఆ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి తప్పు జవాబు రాసినవాణ్ణి ఏ కొట్లో వెతకాలి?

పాయింట్లు పోగేసినవాళ్లకీ చివరికి ఏం మిగిలిందంటే చెప్పడం కష్టమే. యాహూ ఆన్సర్స్ 2021 మే 4న మూతపడింది. ఏడో మెట్టు ఎక్కినవాళ్ల మెట్లు కూడా దాంతోపాటే పోయాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో కథ ఇంకోలా నడిచింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన కొద్దిరోజులకే, అది రాసిన జవాబులు అతికించొద్దని ఆ సైటు నిషేధం పెట్టింది. చూడ్డానికి సరైనవాటిలా ఉండి తప్పుగా ఉంటున్నాయన్నది కారణం. ఆ తర్వాత జనం ప్రశ్నలు అడగడానికి నేరుగా యంత్రం దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టారు, సైటులో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. 2024 మేలో అదే సైటు చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐతో ఒప్పందం చేసుకుంది, జనం ఏళ్లతరబడి ఉచితంగా రాసిన జవాబుల్ని వాడుకోనిచ్చేందుకు. కొందరికి ఒళ్లు మండింది. తమ జవాబుల్ని తామే చెరిపేయబోయారు. సైటువాళ్లు ఆ రాతల్ని మళ్లీ యథాతథంగా పెట్టి, కొందరి ఖాతాల్ని కొన్నాళ్లు ఆపేశారు. అక్కడి పద్ధతి ప్రకారం ఖాతా ఆపిన రోజుల్లో, సంపాదించింది ఎన్ని వేలైనా, పేరు పక్కన కనిపించేది 1 మాత్రమే.