గోదారి పోసిన ఇసుక దీవి

కాకినాడ రేవు దాటిన బోటు నిలకడ నీటి మీద మెల్లగా సాగుతుంది. అల లేదు, కుదుపు లేదు. సముద్రంలోకి వచ్చిన సంగతే తెలియదు. ఎదురుగా సన్నగా పరుచుకున్న ఇసుక గట్టెక్కి అవతలి ఒడ్డుకు నడిస్తే మాత్రం బంగాళాఖాతం హోరుమంటూ ఎదురొస్తుంది. ఇటు మడుగు, అటు కడలి. హోప్ ఐలాండ్ అందమంతా ఈ తేడాలోనే ఉంది.

రెండు శతాబ్దాల కిందట ఇక్కడ భూమి లేదు. గోదావరి పాయలు మోసుకొచ్చిన ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరంగా సాగే ప్రవాహం కొద్దికొద్దిగా పేర్చుకుంటూ పోయింది. ఇప్పుడా గట్టు పొడవు సుమారు 16 కిలోమీటర్లు. తుపాను అలలకు అడ్డంగా చాచిన చేయిలా అది కాకినాడ అఖాతాన్ని కాస్తుంటే, దాని చాటున ఓడలు నిశ్చింతగా లంగరు వేస్తాయి. పక్కనున్న కోరంగికి ఆ అదృష్టం లేకపోయింది. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ ఆ రేవును 1789లో, మళ్లీ 1839లో ఉప్పెనలు ఊడ్చేశాయి.

దీవి మీద ఉన్నది మత్స్యకారుల చిన్న పల్లె, వలలు, బాలబంద తీగ అల్లుకున్న ఇసుక, బొరియల్లోకి పరుగెత్తే పీతలు. చేయడానికి పనేమీ లేకపోవడమే ఇక్కడి సుఖం. ఎంతసేపు నడిచినా ఎవరూ ఎదురుపడని ఒడ్డు మన తీరంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

అయితే ఈ ఇసుక మీద మొదటి హక్కు ఆలివ్ రిడ్లే తాబేళ్లది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ తల్లి తాబేలు నీటిలోంచి ఈడ్చుకుంటూ పైకొస్తుంది. వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటి బరువుతో అదిమి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల మొహం చూడడానికి తిరిగి రాదు. ఆ తరువాత పొదిగే పని ఇసుకదే. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. 45 నుంచి 60 రోజులకు గుడ్లు చిట్లి, అరచేతిలో పట్టేంత పిల్లలు చీకట్లో వెలుతురున్న వైపు పరుగు తీస్తాయి. వాటి లెక్కలో వెలుతురంటే నీటి మీద మెరిసే ఆకాశం. ఒడ్డున దీపం కనిపిస్తే అటే తిరిగి కుక్కలకు, కాకులకు చిక్కుతాయి. అందుకే అటవీశాఖ సిబ్బంది గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలను తామే సముద్రంలో వదులుతారు.

పెద్ద తాబేళ్లకు గండం ట్రాలర్ వల. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. వలలో గంటల తరబడి చిక్కితే నీట మునిగి చస్తుంది. చలికాలంలో ఈ తీరానికి కొట్టుకొచ్చే కళేబరాల్లో చాలావాటి వెనక కథ ఇదే. తాబేలు తప్పించుకోవడానికి వలలో అమర్చే పరికరం ఉంది, వాడితే ప్రాణాలు నిలుస్తాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. చేపలకు అది మంచి కాలమే, కానీ గుడ్లు పెట్టే తల్లులకు ఆలస్యమైన కాలం. గుడ్లు పెట్టే నెలల్లో కనీసం ఒడ్డు దగ్గరైనా ట్రాలర్లను ఆపడం అత్యవసరం.

తిరుగు దారిలో కోరంగి మడ అడవులు చూడాలి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. ఇక్కడ తిరిగే నీటిపిల్లి మాత్రం అదృష్టవంతులకే కనిపిస్తుంది.

భోజనానికి కాకినాడ ఉంది, చివర్లో గొట్టం కాజా ఉంది.

దీవికి బోటు ప్రయాణం వాతావరణాన్ని, అనుమతులను బట్టి ఉంటుంది కనుక ముందుగా కనుక్కుని వెళ్లండి. తాగునీరు, తిండి వెంట ఉంచుకోండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చేయండి. చలికాలంలో వెళ్తే ఇసుక మీద చూసి అడుగు వేయండి, కింద గుడ్లు ఉండవచ్చు.