డప్పు కొట్టనన్నందుకు

మా నాయిన డప్పు కొట్టేటోడు. కుడిచేతిల చిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. గడ్డిమంట మీద డప్పు కాపి, ఏలుతోని మీటి చూసి, కంగుమంటెనే భుజానికేసేటోడు. ఊళ్లె చావైనా, పెండ్లయినా, జాతరైనా నాయిన ముందు నడవాలె. అందరూ తిన్నంక మిగిలిందే ఆయన కూలి.

1983 ఎండకాలం. నాకు పదేండ్లు. ఊరి పెద్ద చచ్చిపోయిండు. అంతకుముందు రెండు చావులకు రావలసిన కూలి ఇస్తెనే కొడతనన్నడు నాయిన. చచ్చినాయన కొడుకు పందిరి గుంజ పెరికి నాయిన ఈపు మీద కొట్టిండు.

ఠాణాకు నేనూ ఎంబడి పోయిన. గేటుకాడ జవానడిగిండు. లోపల రాసేటాయన అడిగిండు. అటెనుక జమేదారు, పొద్దుగూకినంక ఎస్సై. నలుగురికీ నాయిన ఒక్కటే మాట చెప్పిండు: "డప్పు కొట్టనన్నందుకు నన్ను కొట్టిండు సారూ."

అంగీ ఇప్పి ఈపు సూపెట్టిండు. నల్లటి ఈపు. వాచింది గని కమిలింది కనపడదు. "ఒక్క నెత్తురు బొట్టన్న లేదు, ఏం రాయమంటవ్‌రా?" అన్నడు ఎస్సై. నాలుగోసారి చెప్పేసరికి నాయిన నాలిక తడబడ్డది. కొట్టనన్న, కొట్టిండు, కొట్టిన... "ఎవడు ఎవన్ని కొట్టిండ్రా?" అని అందరూ నవ్విన్రు. కేసు రాయలేదు.

నలభై ఏండ్లు ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. పంతులునైన, పిల్లలకు పాఠాలు చెప్పిన, మీటింగులల్ల మాట్లాడిన. ఇది మాత్రం గొంతుల్నే ఉండిపోయింది.

మొన్న పట్నంల చదువుకుంటున్న నా బిడ్డ సెలవులకొచ్చి, "నాన్నా, ఇది విను" అని ఫోన్ చేతికిచ్చింది. అమెరికాల స్టీవ్ రైక్ అనే సంగీతకారుడు 1966లో చేసిన 'కమ్ అవుట్'. వాయిద్యం లేదు, ఒక మనిషి గొంతే. న్యూయార్క్ హార్లెంకు చెందిన డేనియల్ హామ్ అనే నల్ల కుర్రాడు మాట్లాడుతున్నడు. 1964లో ఠాణాల పోలీసులు కొట్టిన్రు. నెత్తురు కారుతున్నోళ్లనే దవాఖానకు పంపుతున్నరు. అతనికి ఒళ్లంత కమిలింది గని నెత్తురు రాలేదు. కమిలినచోట చిదిమి నెత్తురు బయటికి తీసి సూపెట్టాల్సి వచ్చిందట.

నా చేతిల ఫోన్ వణికింది. మా నాయినకు ఆ ఉపాయం తెల్వకపాయె.

ఆ వాక్యం మూడుసార్లు నిండుగ వినపడతది. అటెనుక చివరి ఐదు మాటలే తిరుగుతయి. రెండు టేపులు, రెంటి మీద అవే మాటలు. మొదలు ఒక్కటిగనే పలుకుతయి. ఒకటి వెంట్రుకవాసి వెనకబడుతది. ఖాళీ ఇంట్ల మాట్లాడినట్టు గొంతు మోగుతది. ఇంకొంచెం జరిగితే ఇద్దరు ఒకరి వెనక ఒకరు అంటున్నట్టుంటది. రెండు గొంతులు నాలుగైతయి, నాలుగు ఎనిమిదైతయి. దాదాపు 13 నిమిషాలకు మాట మిగలదు. రాపిడి, ఊపు, ఒక హోరు. దీన్నే ఫేజింగ్ అంటరని బిడ్డ చెప్పింది.

రైక్‌కు ఇది ముందే తట్టిన ఆలోచన కాదు. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కోల ఒక నల్ల బోధకుడు నోవహు జలప్రళయం గురించి కేకలేసి చెప్తుంటే టేపుల పట్టుకున్నడు. ఆ ముక్కను రెండు మిషన్ల మీద ఒక్కతీరుగ తిప్పబోతే ఒకటి జారింది. ఆ జారుడునే పట్టుకొని 1965లో మొదటి పని చేసిండు. రెండు పనులల్ల గొంతులు నల్లోళ్లవి, పేరు తెల్లాయనది.

అట్లని ఆయన్ను దొంగ అనను. హామ్‌తో కలిపి ఆరుగురు నల్ల కుర్రాళ్ల మీద హత్య కేసు పెట్టి 1965లో యావజ్జీవం వేసిన్రు. వాళ్లకు మళ్లీ విచారణ కావాలని 1966లో న్యూయార్క్ టౌన్‌హాల్‌ల చందాల సభ పెట్టిన్రు. ఆ సభ కోసమే రైక్ ఇది చేసిండు. వాళ్ల మీద పడ్డ దెబ్బల గురించి అదే ఏడు జేమ్స్ బాల్డ్విన్ వ్యాసం రాసిండు. 1968లో పైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పాట ఒక్కటే చేసిన పని కాదది. కాని పాటా అక్కడున్నది.

అయినా నాకొక్కటి మింగుడు పడలేదు. కొట్టబడ్డోని మాటను తిప్పి తిప్పి అర్థం కరిగిపోయేదాక వినిపిస్తే, వినేటోనికి మిగిలేది బాధనా, శబ్దమా? ఠాణాల నాయిన మాట నాలుగుసార్లు చెప్పించి కరగదీసిన్రు గదా! "అక్కడ నవ్వడానికి కరగదీశారు నాన్నా, ఇక్కడ వినాలని" అన్నది బిడ్డ. సగం ఒప్పుకున్న. హామ్ చెప్పింది మొదట నిండుగ వినపడ్డది కాబట్టే, హోరుల గూడ నాకు అదే వినపడుతున్నది. ఆ మూడుసార్లు లేకపోతే ఉత్త మోతనే.

రైక్ 1972లో రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్' ఇద్దరం చప్పట్లతోని పట్టినం. 12 మాత్రలు, ఎనిమిది దెబ్బలు, నాలుగు ఖాళీలు. ఒకరు దరువు మార్చకుండ కొట్టాలె, రెండోవాళ్లు ఒక్కొక్క మాత్ర జరుగుతూ పోవాలె. 12 జరుగుళ్లకు మళ్లీ ఒక్కటైతరు. జరిగే వంతు బిడ్డది, నిలబడే వంతు నాది. మూడో జరుగుడుకే నా చెయ్యి ఆమెతోని కొట్టుకపోయింది. పక్కన అంతా జారుతుంటే తన దరువు మీద నిలబడేటోనికే కష్టమని తెలిసింది.

నాయిన ఆ నాడు నలుగురి ముందు నిలబడ్డడు. మాట తడబడ్డది గని మార్చలేదు. ఆయన చచ్చిపోయి 20 ఏండ్లు దాటింది. ఏ కాగితం మీద ఆయన మాట లేదు. నాలుగుసార్లు చెప్పించినోళ్లు ఒక్కసారన్న రాయలేదు. గందుకే ఇక్కడ నేను రాస్తున్న, నిండుగ:

డప్పు కొట్టనన్నందుకు మా నాయినను కొట్టిన్రు. నెత్తురు రాలేదు.