కొండ మీద సర్పంచ్ లేడు, మన కాలనీకి ఉన్నాడు

పోస్టు కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి.

మా వదిన తిరుమలలో కాంట్రాక్టు కింద పారిశుధ్య పని చేస్తుంది. కొండ మీద పంచాయతీ ఎన్నికలు లేవు, సర్పంచ్ లేడు. నీళ్లు, చెత్త, మరుగుదొడ్లు అన్నీ టీటీడీయే చూసుకుంటుంది. రోజూ వేల మంది వచ్చిపోయినా తెల్లారేసరికి వీధులు శుభ్రంగా ఉంటాయి. ఆ పని చేసే చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయి.

డ్యూటీ దిగి ఆమె వచ్చేది మా యానాది కాలనీకి. ఇక్కడ సర్పంచ్ ఉన్నాడు, వార్డు మెంబరు ఉన్నాడు, మనకు ఓట్లూ ఉన్నాయి. మురుగు కాలువ మాత్రం లేదు. వాన పడితే ఇళ్ల ముందు నీళ్లు నిలిచి పిల్లలకు జొరాలు.

"పైన ఎంతమంది వస్తారో, ఎన్ని నీళ్లు కావాల్నో ముందే లెక్క చూసుకుంటారు మరిదీ. మనల్ని ఎవురు లెక్క పెట్టినారు?" అంటుంది వదిన.

నాకు ఆ లెక్క దగ్గరే అసలు సంగతి ఉందనిపిస్తుంది. జబ్బు ముదిరాక రుయాకి పరిగెత్తుతాం. జబ్బు రాకుండా చూసే మంచినీళ్లు, కాలువ, చెత్త పంచాయతీ పనులు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుధ్యం, స్త్రీ శిశు అభివృద్ధి, ఎస్సీ ఎస్టీల సంక్షేమం కూడా ఉన్నాయి.

ఏజెన్సీలో మనవాళ్లకు 1996 పీసా చట్టం ఉంది, గ్రామసభకు ప్రత్యేక అధికారాలు ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు కాబట్టి ఆ చట్టం మనకు వర్తించదు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి చిత్తూరు జిల్లాలో ఎస్టీలు 4 శాతం లోపే. యానాదులం, ఎరుకలవాళ్లు, సుగాలీలు ఊరికొక మూల చెదిరి ఉన్నాం. మనకున్నది మామూలు గ్రామసభే. అక్కడికి మనం పోకపోతే మన కాలనీ గురించి మాట్లాడేవాళ్లే ఉండరు.

మా అన్న కొడుకు ఇటుకల బట్టీ దగ్గర పుట్టినాడు. జననం ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల్లోపు చెప్పాలి, అప్పుడైతే ఖర్చు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. బట్టీలో ఇదంతా చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఆ ఒక్క కాగితం కోసం మా అన్న కూలి పోగొట్టుకుని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. సర్టిఫికెట్ లేక ఆధార్ లేదు, ఆధార్ లేక రేషన్ కార్డులో పేరు లేదు. పిల్లోడు కళ్ల ముందు ఆడుకుంటా ఉన్నాడు, కాగితాల్లో మాత్రం పుట్టనే లేదు.

అందుకే పోయినేడు సెలవుల్లో మేం ఐదుగురం ఇల్లిల్లూ తిరిగినాం. సర్టిఫికెట్ లేని పిల్లల పేర్లు, నీళ్లు నిలిచే చోట్లు రాసుకుని గ్రామసభలో చదివినాం. నోటిమాటగా వద్దు, తీర్మానం పుస్తకంలో రాయండి అని అడిగినాం. రాసినారు. కొందరు పిల్లల కాగితాలు కదిలినాయి. కాలువ ఇంకా రాలేదు. "అది తవ్వినప్పుడు నమ్ముతా" అంటుంది మా అవ్వ. ఆమె మాటా నిజమే. కానీ తీర్మానం ఉంది కాబట్టి ప్రతిసారీ అదే పేజీ తీసి అడగగలుగుతున్నాం.

ఇంకో మాట. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరికొక ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. దానికి ఏడాదికి 10,000 రూపాయల నిధి పెట్టినారు. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో ఆశా అక్కని అడగండి. మన కాలనీ నుంచి ఒక ఆడమనిషి పేరు చేర్చమనండి.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని మీ కాలనీలో ప్రతి పిల్లోడి పేరూ రాయండి. ఎంతమందికి సర్టిఫికెట్ లేదో ఇక్కడ పెట్టండి. ముందు మనమే లెక్క పెట్టుకుందాం. ఆ లెక్క పట్టుకుని అడుగుదాం.