పాటకో ఊరు... ఊరికో ధర!

నాష్‌విల్‌లో బ్రాడ్‌వే అనే వీధి ఉంది. అక్కడ పట్టపగలే పాట మొదలవుతుంది, అర్ధరాత్రి దాటినా ఆగదు. రెండు పక్కలా నియాన్ దీపాల బోర్డులు, కౌబాయ్ బూట్ల దుకాణాలు, బార్లు. కొన్ని బార్లలో అంతస్తుకో బృందం! ఒక కిటికీలోంచి గిటారు వినిపించేలోగా పక్క కిటికీలోంచి డ్రమ్స్ వచ్చి దాన్ని తొక్కేస్తాయి. బార్ల మీద పేర్లు చూస్తే నేటి స్టార్ గాయకులవి. ఆ స్టార్లు మాత్రం ఎప్పుడో గానీ కనిపించరు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి రాజధాని ఈ ఊరు. కంట్రీ మ్యూజిక్‌కీ ఇదే రాజధాని. ఇక్కడ కంట్రీ అంటే దేశం కాదు సుమండీ, పల్లెటూరు! అపలాచియన్ కొండల్లో బొగ్గు గని కార్మికులు, దక్షిణాదిన పత్తి చేల కూలీలు, టెక్సాస్‌లో పశువుల కాపర్లు పాడుకున్న పాటలకు వారసత్వం ఇది. ఫిడేలు బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చుకున్నది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకొచ్చిన నల్లవాళ్ళది. ఆ రెండూ కలిస్తేనే ఈ పాట.

నన్ను ఊరంతా తిప్పింది మా కాలేజీ మిత్రుడి తమ్ముడు. అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నయ్యా, మన కుర్రాళ్ళు సినిమా ఛాన్సుల కోసం కృష్ణానగర్ వస్తారు చూడు, ఇక్కడికీ అలాగే గిటారు భుజాన వేసుకుని దిగిపోతారు" అన్నాడు.

డాక్టరుగారి పల్లెటూరి వేషం

బ్రాడ్‌వే పక్క సందులోనే రైమన్ ఆడిటోరియం. 1892లో ప్రార్థనల కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఇప్పటికీ కుర్చీల బదులు చర్చి బల్లలే. 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే రేడియో కార్యక్రమం 1943 నుంచి 1974 దాకా ఇక్కడే జరిగింది. తర్వాత ఊరి అంచున కట్టిన పెద్ద హాలుకు మారింది. మారేటప్పుడు పాత స్టేజిలోంచి గుండ్రంగా ఒక చెక్క ముక్క కోసి, కొత్త స్టేజి మధ్యలో పొదిగారు. గాయకులు ఇప్పటికీ దాని మీద నిలబడే పాడతారు. వాళ్ళకది గుడి గడపతో సమానం!

ఇంతకీ ఈ కార్యక్రమం మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? ఒక ఇన్సూరెన్సు కంపెనీ! 1925లో ఆ కంపెనీ పెట్టిన రేడియో స్టేషన్ పేరు డబ్ల్యూ.ఎస్.ఎమ్. 'లక్షలాదిమందికి మేమే రక్ష' అనే అర్థం వచ్చే ఆ కంపెనీ నినాదంలోని పొడి అక్షరాలే అవి. అంటే పాటకు ముందే పాలసీ ఉందన్నమాట.

అక్కడ పాడినవాళ్ళలో హంఫ్రీ బేట్ అనే ఆయన వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చదివిన డాక్టరు. రేడియోలో జార్జ్ హే అనే కార్యక్రమ నిర్వాహకుడు ఆయన బృందానికి 'పోసమ్ హంటర్స్' అని అడవి జంతువుల్ని వేటాడేవాళ్ళ పేరు పెట్టాడు. సూటూ బూటూ విప్పించి, రైతుల వేషం వేయించి ఫోటోలు తీయించాడు. పల్లెపాటకు పల్లెటూరి వేషం వేసింది కూడా వ్యాపారమే!

ఆ వ్యాపారమే డీఫోర్డ్ బెయిలీని బయటికి నెట్టింది. ఓప్రీ తొలి తారల్లో ఒకడైన ఈ నల్లజాతి కళాకారుడు మౌతార్గాన్ మీద రైలు పరుగును దించేసేవాడు. 1941లో పాటల హక్కుల గురించి రేడియోవాళ్ళకూ సంగీత హక్కుల సంఘానికీ తగాదా వచ్చింది. ఆ ఏడాదే ఆయన్ని తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసే అంగడి నడుపుకుంటూ బతికాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2005లో!

జేబులో చిల్లర

మరునాడు ఆర్.సి.ఏ. స్టూడియో 'బి' చూశాను. 1957లో కట్టారు. ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ రెండు వందలకు పైగా పాటలు రికార్డు చేశాడు. రాక్ అండ్ రోల్ ధాటికి కంట్రీ రికార్డుల అమ్మకాలు పడిపోతుంటే చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు ఫిడేలునూ స్టీల్ గిటారునూ వెనక్కి నెట్టి వయొలిన్ల బృందాన్నీ కోరస్‌నూ తెచ్చారు. యాస తగ్గింది, అమ్మకం పెరిగింది. దానికే 'నాష్‌విల్ సౌండ్' అని పేరు. అదేమిటని అడిగితే అట్కిన్స్ జేబులో చిల్లర గలగలలాడించి, "ఇదే" అన్నాడని చెప్పుకుంటారు.

అయితే ఒక ఊళ్ళో యాస అణగిపోతే మరో ఊళ్ళో లేస్తుంది. ఓక్లహోమా కరువుకు తాళలేక కాలిఫోర్నియా చేరిన కుటుంబాలుండే బేకర్స్‌ఫీల్డ్‌లో బక్ ఓవెన్స్, మెర్ల్ హాగర్డ్ కరకు గిటార్లతో జవాబిచ్చారు. విల్లీ నెల్సన్ 1970ల మొదట్లో నాష్‌విల్ వదిలేసి టెక్సాస్‌లోని ఆస్టిన్ చేరాడు. కంపెనీల మాట వినని ఇలాంటివాళ్ళకు 'అవుట్‌లాస్' అని పేరొచ్చింది. 1976లో ఆ పేరుతోనే వచ్చిన ఆల్బమ్, కంట్రీలో మొట్టమొదటి ప్లాటినమ్ రికార్డు అయింది! చూశారా, తిరుగుబాటుకు కూడా ధర కట్టేశారు.

వెండితెర ఏం చేసింది?

1980లో రెండు చిత్రాలు వచ్చాయి. 'అర్బన్ కౌబాయ్'లో జాన్ ట్రవోల్టా టెక్సాస్‌లో ఆయిల్ రిఫైనరీ కార్మికుడు. సాయంత్రమైతే గిల్లీస్ అనే క్లబ్బులో మరబొమ్మ ఎద్దెక్కి స్వారీ చేస్తాడు. చిత్రం చూసి పశువుల మొహమెరుగని పట్నవాసులంతా టోపీలు, బూట్లు కొన్నారు. కంట్రీ ఫ్యాషనైపోయింది.

రెండోది 'కోల్ మైనర్స్ డాటర్'. కెంటకీ కొండల్లో గని కార్మికుడి బిడ్డగా పుట్టిన గాయని లొరెట్టా లిన్ కథ. హీరోయిన్ సిసీ స్పేసెక్ ప్లేబ్యాక్ లేకుండా పాటలన్నీ తానే పాడింది, ఉత్తమ నటిగా ఆస్కార్ గెల్చుకుంది. ఒకటి టోపీ అమ్మింది, రెండోది బతుకు చెప్పింది. రెండూ హాలీవుడ్ వ్యాపారమే. తేడా అక్కడే ఉంది!

ఆ తేడా నాకు బ్రాడ్‌వేలోనే కళ్ళకు కట్టింది. అక్కడి బార్లలో చాలాచోట్ల పాటగాళ్ళకు టిప్పులే ముఖ్యమైన రాబడి. స్టేజి ముందు బక్కెట్ ఉంటుంది. ఒక బార్‌లో తూర్పు కెంటకీ నుంచి వచ్చిన అమ్మాయి ఫిడేలు వాయిస్తూ పాడుతోంది. పెళ్ళికూతురితో సరదాకొచ్చిన స్నేహితురాళ్ళు ఇరవై డాలర్లు వేసి పాత హిట్ పాట అడిగారు. మరో బల్లవాళ్ళు ఇంకో హిట్ అడిగారు. నేను ఐదు డాలర్లు వేసి, మీ సొంత పాట పాడమన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, నవ్వి, మూతపడిన గని పక్కనున్న తమ ఊరి మీద పాట ఎత్తుకుంది. సగం జనం మాటల్లో పడ్డారు. బక్కెట్‌లో ఇంకో నోటు పడలేదు. అయినా ఆ సాయంత్రం విన్న పాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

చివరి రోజు బ్లూబర్డ్ కెఫేకి వెళ్ళాం. 1982లో మొదలైన చిన్న హోటలు. దుకాణాల వరుసలో ఒక గది, అంతే. పాట రాసినవాళ్ళు గది మధ్యలో గుండ్రంగా కూర్చుని, ఎవరి పాట వాళ్ళు పాడతారు. జనం మాట్లాడకూడదు, ఊరుకోమని సైగ చేస్తారు! గార్త్ బ్రూక్స్, టేలర్ స్విఫ్ట్ ఇక్కడ పాడే కంపెనీల కంట్లో పడ్డారు. స్విఫ్ట్ 2014లో కంట్రీ వదిలి పూర్తిగా పాప్‌లోకి వెళ్ళింది. అయినా ఆ కుర్చీలు ఖాళీగా లేవు.

వ్యాపారం పాటను చంపేసిందని ఏడవక్కర్లేదు, వ్యాపారం లేకపోతే ఆ కొండపాట మనదాకా వచ్చేది కాదు. కానీ వేషాన్నే ఊరనుకుంటే మోసపోతాం. ఊరు టోపీలో ఉండదు, గొంతులో ఉంటుంది. మన జానపదం తెరకెక్కినప్పుడు కూడా స్టెప్పులు చూసి ఈల వేయండి, వద్దనను. కాస్త ఆగి, ఇది ఎవరి ఊరి పాటో, ఆ ఊరివాడికి ఏం ముట్టిందో కూడా అడగండి!